జవాబుకి చోటున్న మాట

తెలుగు సినిమాకి మాటలు రాస్తున్న రచయితలకు,

తెర మీద పేర్లు పడేటప్పుడు మీ పేరుకి ముందు 'మాటలు' అని వస్తుంది. తమిళులు దాన్ని వసనం అన్నారు, హిందీవాళ్లు సంవాద్ అన్నారు. మనవాళ్లు మాత్రం ఇంట్లోనూ వీధరుగు మీదా వాడుకునే మామూలు పదాన్నే తెచ్చి తెరకెక్కించారు. మాట ఇవ్వడం, మాట పడటం, మాట తప్పడం, మాట కలపడం, మాటకి మాట, మాటామంతీ... ఏది తీసుకున్నా అందులో రెండో మనిషి ఉంటాడు. ఇచ్చేవాడుంటే పుచ్చుకునేవాడు, అనేవాడుంటే పడేవాడు. ఒంటరివాడి దగ్గర ఆలోచన ఉంటుంది, గొణుగుడు ఉంటుంది. మాట ఉండాలంటే ఎదురుగా ఇంకొకరు కావాలి. ఈ ఉత్తరం ఆ ఇంకొకరి గురించి. ప్రేమ, కాలం, బతుకుకి అర్థం అనే మూడు సంగతులు ప్రస్తావనకొచ్చిన చోట మన సినిమాల్లో చాలాసార్లు కనబడకుండా పోయేది ఆ మనిషే.

నేను చెప్పదలచింది ఒక్కటే. ఎదుటివాళ్లు ఏమంటారో తెలియకుండా పలికిన మాట తెర మీద కాలాన్ని నడిపిస్తుంది. జవాబుతో పని లేని మాట ఎంత అందంగా ఉన్నా అక్కడ కథ ఆగి, చప్పట్లు పూర్తయ్యాక మళ్లీ మొదలవుతుంది. శత్రువుని సవాలు చేసేటప్పుడు అలా ఆగితే నష్టం లేదు. కానీ ప్రేమ గురించి, గడిచిపోయే వయసు గురించి మాట్లాడుతున్నప్పుడు కాలం ఆగిపోతే ఇక చెప్పడానికేం మిగలదు. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. సినిమాలోంచి ఒక మాటని కోసి వేరే సినిమాలో వేరే పాత్ర నోట పెట్టి చూడండి. చక్కగా అతుక్కుపోతే, రాసిన రోజున మీ కళ్ల ముందు ఎదుటి పాత్ర లేనట్టే. మీరు హాల్లో కూర్చున్న మాకోసం రాశారు. మామీద ప్రేమతోనే రాశారు, అది నాకు తెలుసు. కానీ ఆ మాట అందాల్సిన మనిషి తెర మీదే నిలబడి ఉంది.

హైదరాబాద్‌లో మా గాంధీనగర్‌కి కూతవేటు దూరంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఉంది. సంధ్య, దేవి, సుదర్శన్ హాళ్ల ముందు మొదటి రోజు జరిగే సంబరాన్ని చూసి, 'ఈ జనం ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే చూస్తారా' అని మీ పరిశ్రమలో పెద్దలు అంటుంటారు. ఆ సంబరాన్నే ఇంకాస్త దగ్గరగా చూడండి. ఈల పడేది చాలాసార్లు మాటకే. ఫలానా సీనులో ఫలానా మాట వస్తుందని తెలిసినవాళ్లు దానికి ముందే సద్దుమణుగుతారు. మాట పూర్తయ్యాకే గోల. ఈ అలవాటు సినిమాతో వచ్చింది కాదు. పాండవోద్యోగ విజయాలు పద్యనాటకాల్లో రాయబారానికి వచ్చిన కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే 'వన్స్ మోర్' అని మళ్లీ పాడించుకున్న జనం మనం. ఆ పద్యం కౌరవసభకి చెప్పినట్టే ఉంటుంది గానీ, నటుడి చూపు మనమీదే, రాగం మనకోసమే. ఇవాళ్టి పంచ్ డైలాగుకి తాత ఆ పద్యమే. అది గొప్ప వారసత్వం, దాన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు.

మనకి ఇంకో వారసత్వం కూడా ఉంది. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చయిన కన్యాశుల్కం ఎలా ముగుస్తుందో గుర్తు తెచ్చుకోండి. అక్కడ యుద్ధం లేదు, పెళ్లి లేదు, చావు లేదు. ఒక గదిలో మధురవాణి, సౌజన్యారావు పంతులు మాట్లాడుకుంటారు. ఆమె మగవేషంలో వచ్చింది. వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన మనిషితో, తానెవరో తెలియనివ్వకుండా మొదలుపెట్టి, తెలియనిచ్చి, ఆయన వ్రతం ఎంత గట్టిదో ఆయనకే అనుమానం వచ్చేలా చేస్తుంది. చివరికి తాను అడిగిన బహుమతిని తానే వదులుకుంటుంది. గదిలోకి వచ్చిన ఇద్దరూ, గదిలోంచి వెళ్లే ఇద్దరూ ఒక్కరు కారు. మారడానికి కారణం మాట తప్ప మరేదీ లేదు. గురజాడ ఆ సీనులో ఏ వాక్యాన్నీ హాలుకేసి విసరలేదు. అయినా చిక్కడపల్లి త్యాగరాయ గానసభ లాంటి చోట ఇవాళ వేసినా కదలకుండా చూస్తారు. మన సినిమా రాయబారం పద్యాన్ని తెచ్చుకుంది గానీ మధురవాణిని వాకిట్లోనే నిలబెట్టేసింది.

ఆమెని లోపలికి పిలిచిన సినిమాలు కొన్ని ఉన్నాయి. 1951 నాటి 'మల్లీశ్వరి'కి మాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారివి. బావామరదళ్లు వానకి ఒక సత్రంలో చేరారు. మారువేషంలో ఉన్న రాయలవారు అక్కడున్నారు. మల్లి ఆటపాటకి ఆయన ముచ్చటపడితే, నాగరాజు సరదాగా మా మల్లికి రాయలవారి పల్లకీ పంపించమని అడిగేస్తాడు. ఎవరితో అంటున్నాడో తెలియక అన్న మాట అది. ఆ పల్లకీ నిజంగానే వస్తుంది. మిగిలిన కథంతా ఆ ఒక్క పరిహాసానికి వచ్చిన జవాబే. మాట నోట్లోంచి బయటపడ్డాక ఎవరి చెవిన పడుతుందో, ఎంత కాలానికి తిరిగొస్తుందో చెప్పలేమన్న భయం మన జీవితాల్లో ఎంత ఉందో బి.ఎన్. రెడ్డి గారి సినిమాలో అంత ఉంది. ఆ పల్లకీ మాటని కోసి ఇంకో సినిమాలో పెట్టలేం. మన సినిమాలో ప్రేమకీ కాలానికీ మధ్య మాట ఏం చేయగలదో అంత తేలిగ్గా, అంత భయంగా చూపించింది నా లెక్కలో ఇంకొకటి లేదు.

బయటి దేశాల సంగతికొస్తే, ఇలాంటి సినిమాలంటే ఈ తరం వెంటనే చెప్పే పేరు రిచర్డ్ లింక్‌లేటర్. 'బిఫోర్ సన్‌రైజ్' 1995లో, 'బిఫోర్ సన్‌సెట్' 2004లో, 'బిఫోర్ మిడ్‌నైట్' 2013లో వచ్చాయి. తొమ్మిదేళ్లకొకటి. అవే పాత్రలు, అదే నటుడు ఈథన్ హాక్, అదే నటి జూలీ డెల్పీ. మొదటిదానిలో రైల్లో కలిసి వియన్నాలో ఒక్క రాత్రి నడుస్తారు, ఆరు నెలలకి ఇదే చోట కలుద్దామని మాట ఇచ్చుకుంటారు. రెండోదానిలో, ప్యారిస్‌లో, అతను వచ్చాడనీ ఆమె రాలేకపోయిందనీ తెలుస్తుంది. ఆమెకి అదే రోజు అమ్మమ్మ అంత్యక్రియలు. ఎనభై నిమిషాల సినిమాలో దాదాపు ఎనభై నిమిషాల కాలమే గడుస్తుంది, అతను విమానం ఎక్కాల్సిన సాయంత్రం దగ్గరపడుతూ ఉంటుంది. వాళ్లు చెప్పుకునే తత్వంలో కొంత ఇరవై మూడేళ్లవాళ్లు ఎవరైనా చెప్పేదే, లోతు పెద్దగా లేదు. దాన్ని రచయితలు దాచుకోలేదు కూడా. మనల్ని పట్టుకునేది ఇంకోటి. ఒకరు ఒక మాట అనగానే ఎదుటి ముఖంలో చిన్న అనుమానం కదులుతుంది, అది చూసి మొదటివాళ్లు మాట మార్చుకుంటారు. రెండు, మూడు సినిమాలకి ఆ నటులిద్దరూ రచనలో పాలుపంచుకున్నారు. ఎవరి మాటకి ఎవరు ఎలా బదులిస్తారన్నది రాతబల్ల దగ్గరే ఇద్దరూ తేల్చుకున్నారన్నమాట. మూడోదానిలో, గ్రీస్‌లో, హోటల్ గదిలో సాగే పోట్లాట చూస్తే మొదటి సినిమాలోని మాటలే ముదిరి ఎదురు తిరిగినట్టుంటాయి.

మనకి అంత పొడుగు ప్రయోగం లేకపోయినా అంతకంటే ధైర్యమైన మాటలున్నాయి. 1989లో మణిరత్నం తీసిన 'గీతాంజలి'లో నాయిక గీతాంజలికి తన చావు తెలుసు, ప్రకాష్‌కి తనది తెలుసు. అతను ఆమె మీద జాలిపడబోతే, అందరూ పోయేవాళ్లేననీ తను రెండు రోజులు ముందు పోతుందేమో అంతేననీ, తనకి ఇవాళ ముఖ్యమనీ ఆమె తేలిగ్గా చెబుతుంది. విడిగా వింటే అది ఏ వేదాంతంలోనైనా ఉండే మాటే. అక్కడ దానికి బలం వచ్చింది, అది ఒక జాలికి జవాబుగా వచ్చింది కాబట్టి. తనూ పోబోయేవాడే అయినా ఆ మాట అనే తేలికదనం తనకి లేదని ప్రకాష్‌కి ఆ క్షణంలో తెలుస్తుంది. ఇక 'మిథునం'. శ్రీరమణ గారి కథ. 2012 డిసెంబర్‌లో తనికెళ్ల భరణి గారి దర్శకత్వంలో తెలుగు తెరకొచ్చింది. దానికి పన్నెండేళ్ల ముందే ఎం.టి. వాసుదేవన్ నాయర్ 'ఒరు చెరు పుంచిరి' పేరుతో దాన్ని మలయాళంలో తీసేశారు. మన కథలోని మాటల విలువ పొరుగువాళ్లకి ముందు తెలిసింది. తెలుగు సినిమాలో ఇద్దరే మనుషులు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. కొన్నిచోట్ల తిండి గురించిన మాటలు పట్టీ చదివినట్టు హాలుకేసి తిరిగిపోతాయి, అక్కడ నాకు ఆ ఇల్లు ఇల్లులా ఉండదు. కానీ అప్పదాసు, బుచ్చిలక్ష్మి ఒకరి మాటకి ఒకరు అడ్డుపడే చోట్లన్నీ కలకాలం కాపురం చేసినవాళ్ల మాటలే. ఆ దెప్పుడులోని ప్రేమ ఇంకెవరి నోటా పలకదు. భర్తే ముందు వెళ్లిపోవాలని తను కోరుకున్నానని, తను ముందు పోతే ఆయన్ని చూసుకునేవాళ్లెవరని ఆవిడ చెప్పే చోటు, పసుపుకుంకుమలతో పోవడమే పుణ్యమని తరతరాలుగా ఆడవాళ్లకి చెబుతూ వచ్చిన మాటకి ఒక జవాబు. ఆ కథ ఆ జవాబు కోసమే అంతసేపు ఆ కబుర్లన్నీ చెప్పించిందనిపిస్తుంది.

మరి ఇలాంటి మాటలు ఇంత అరుదుగా ఎందుకొస్తున్నాయి? తప్పంతా మీదే అనడం అన్యాయం. సినిమా తీసే పద్ధతిలోనే ఒక చిక్కు ఉంది. మన దగ్గర చాలాకాలంగా మాటలు తర్వాత డబ్బింగ్‌లో పడతాయి. షూటింగ్‌లో తెలుగు రాని నాయికకి పక్కనుంచి ఎవరో మాట అందిస్తారు, ఆమె పెదవులు కదుపుతుంది. తర్వాత ఆమె గొంతు ఇంకొకామె చెబుతుంది, ఒంటరిగా, చీకటి గదిలో, తెర మీద బొమ్మ చూస్తూ. నాయకుడు తన వంతు ఇంకోరోజు వచ్చి చెప్పుకుంటాడు. అంటే ప్రేమించుకుంటున్న ఇద్దరూ ఒకరి మాట ఒకరు అసలు వినలేదు. మన డబ్బింగ్ కళాకారిణుల ప్రతిభ వల్లే చాలా సినిమాలు నిలబడ్డాయి, అందులో సందేహం లేదు. కానీ ఎదుటివాళ్ల ఊపిరి విని, ఒక క్షణం తడబడి ఇచ్చే జవాబు ఆ గదిలో పుట్టడం కష్టం. 2016లో తరుణ్ భాస్కర్ 'పెళ్లిచూపులు' అక్కడికక్కడే శబ్దాన్ని పట్టుకుంటూ తీశారు. పెళ్లిచూపులకి వచ్చిన కుర్రాడు, చూపులకి కూర్చున్న అమ్మాయి తలుపు పట్టేసి గదిలో ఇరుక్కుపోతారు. వేరే పని లేక మాట్లాడుకుంటారు. అతను వచ్చింది తప్పు అడ్రసుకని ఆ తర్వాత తెలుస్తుంది. ఆ సినిమాకి సంభాషణల రచనలో జాతీయ అవార్డు వచ్చింది. అందులో తడబాట్లు, సగంలో వదిలేసిన వాక్యాలు, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడేయడం అన్నీ ఉన్నాయి. బయట గట్టిగా ఎత్తి చెప్పుకునే ప్రేమ వాక్యాలు మాత్రం తక్కువ. నా పరీక్షకి అది బాగా నిలుస్తుంది.

చిక్కు డబ్బింగ్‌తో ఆగదు. జవాబుకి చోటు లేని మాటల వల్ల ఎక్కువ నష్టపోయింది మన నాయికలు. 1988 నాటి 'స్వర్ణకమలం' నాకు చాలా ఇష్టమైన సినిమా కాబట్టే దాని గురించి చెబుతున్నాను. నాట్యాన్ని నమ్ముకున్న తండ్రి ఇంట్లో పెరిగిన మీనాక్షి, ఈ కళ మాకు పేదరికం తప్ప ఏమిచ్చిందని అడుగుతుంది. హోటల్లో ఉద్యోగం, మంచి బట్టలు, మామూలు సుఖం కావాలంటుంది. అది గట్టి ప్రశ్న. సినిమా మొదటి సగంలో నాయకుడు చంద్రశేఖర్ దగ్గర దానికి సరైన జవాబు లేదు, అందుకే ఆ సగం అంత చురుగ్గా ఉంటుంది. తర్వాత తర్వాత ఆమె ప్రశ్నలు తగ్గిపోతాయి, అతని ఉపదేశాలు పెరుగుతాయి. ఆమె నాట్యంలోకి రావడం అందంగానే ఉంటుంది. అయితే ఆ పేదరికం ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పకుండానే సినిమా అయిపోయింది.

ఇక మీనుంచి వచ్చే అభ్యంతరాలు. జనం చూడరన్నది మొదటిది. చూడటం సంగతి తర్వాత, ఈ జనం ఒట్టి చెవులతో సినిమాలు విన్నారు. ఆకాశవాణిలో 'సంక్షిప్త శబ్దచిత్రం' వస్తుంటే బొమ్మ లేని సినిమాని ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరి విన్నారు. 1975 నాటి 'ముత్యాలముగ్గు'కి ముళ్లపూడి వారు రాసిన మాటలు రికార్డులుగా అచ్చయి, పాటల్లాగే అమ్ముడుపోయాయి. 2004 అక్టోబర్ 15న చిరంజీవి గారి 'శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.'తో పాటే శేఖర్ కమ్ముల 'ఆనంద్' వచ్చింది. కట్టుకున్న అమ్మ చీరని మార్చుకోమన్నందుకు పెళ్లి పీటల దాకా వచ్చిన సంబంధాన్ని వదులుకున్న అమ్మాయి, పక్కింట్లో చేరిన కుర్రాడు, వాకిట్లో మాటలు. నిలబడింది. అలాంటి సినిమాలన్నీ నిలబడవు, నిజమే. కానీ పోరాటాల సినిమాలు మాత్రం అన్నీ నిలబడుతున్నాయా?

సినిమా దృశ్యకళ, మాట్లాడటానికి నాటకం ఉంది కదా అన్నది రెండోది. 'బిఫోర్ సన్‌సెట్' చివర్లో ఇద్దరూ ఆమె ఇంటి మెట్లు ఎక్కుతారు. గంటకి పైగా ఆగకుండా మాట్లాడినవాళ్లు అక్కడ నోరు విప్పరు. మెట్లు, మలుపులు, ఒకరినొకరు దొంగచూపు చూసుకోవడం, అంతే. ఆ దృశ్యం అంత బరువుగా ఉండటానికి కారణం దానికి ముందు గడిచిన మాటలు. కబుర్లు లేని చోట మౌనానికి విలువ కట్టలేం.

మూడోది అన్నింటికంటే బలమైనది. ఆ పని మన పాటలు చేస్తున్నాయి కదా! ఆత్రేయ, వేటూరి, సిరివెన్నెల ప్రేమ గురించీ బతుకు గురించీ చెప్పినంత లోతుగా ఏ ప్యారిస్ వీధిలోనూ ఎవరూ మాట్లాడలేదని మీరంటే కాదనను. ఈ భాషలో పుట్టినందుకు ఆ పాటలు మనకి దక్కిన భాగ్యం. కానీ పాట చేసే పని వేరు. పాట మొదలైన క్షణానికీ ముగిసిన క్షణానికీ మధ్య కథలో కాలం గడవదు. బట్టలు మారతాయి, దేశాలు మారతాయి, వెనక్కొచ్చాక వాళ్లు అదే గుమ్మంలో ఉంటారు. ఒక అనుభూతి లోపలికి దిగడానికి పాట కావాలి. ఆ అనుభూతిని ఇంకొకరి ముందు పెట్టి, వాళ్లు కాదంటే ఏమవుతుందో చూడాలంటే మాట కావాలి. మీ వాటా పనిని కూడా పాటల రచయితల మీద పెట్టేసి ఊరుకున్నారు అన్నదే నా ఫిర్యాదు.

చివరిగా, తీరిక ఉన్న చదువుకున్నవాళ్ల సినిమాలివి, మన జనానికి ఇంత కూర్చుని మాట్లాడుకునే బతుకెక్కడిది అంటారు. 2018లో వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' చూడండి. ఆఫీసులో అటెండరుగా పనిచేసే రాజు, నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లికానివాడు, ఆ ఆఫీసుకే అధికారిణిగా వచ్చిన రాధతో మాట్లాడతాడు. నటించినవాళ్లలో చాలామంది ఆ పేట మనుషులే. వయసు, పెళ్లి, ఊరు ఏమంటుందో అన్న భయం అన్నీ వాళ్ల మాటల్లోనే ఉన్నాయి. తీరిక అక్కర్లేదు, ఎదురుచూపు ఉంటే చాలు. ఎదురుచూపు ఎక్కడుందో తెలుసుకోవాలంటే మా గాంధీనగర్ పక్కనున్న అశోక్‌నగర్‌కి రండి. పుస్తకాల షాపులు, జిరాక్స్ సెంటర్లు, మెస్‌లు, గదికి నలుగురైదుగురు ఉండే హాస్టళ్లు. తెలంగాణ జిల్లాలన్నింటి నుంచీ గ్రూప్స్‌కి చదవడానికి వచ్చినవాళ్లు. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగింది, ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ జరిగింది, హైకోర్టు తీర్పుతో మళ్లీ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. వియన్నాలో ఆ ఇద్దరికీ ఉన్నది ఒక్క రాత్రి గడువు. ఇక్కడివాళ్లకి వయోపరిమితి గడువు, ఇంటి నుంచి వచ్చే డబ్బుల గడువు, ఊళ్లో చూస్తున్న సంబంధాల గడువు. కాలం అంటే ఏమిటో వీళ్లకంటే బాగా ఎవరికి తెలుసు? ప్రేమ గురించి, అసలు ఈ చదువుకీ బతుకుకీ అర్థం ఏమిటన్నదాని గురించి టీ కొట్ల దగ్గర వీళ్లు మాట్లాడుకునే మాటల్లో సినిమాకి కావలసిందంతా ఉంది.

నేను అడిగేది ఒక సాయంత్రం. తెలుగు వచ్చిన ఇద్దరు నటులు, వాళ్ల గొంతుల్ని అక్కడే పట్టుకునే మైకులు. చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర మొదలుపెట్టండి. ఆమెకి రెండో రద్దు తర్వాత ఊరెళ్లిపోవాలని ఉంది, బస్సు రాత్రికి. అతను ఇంకోసారి రాస్తానంటున్నాడు. గానసభ ముందునుంచి క్రాస్‌రోడ్స్ దాకా నడుస్తారు. సంధ్య దగ్గర ఏదో పెద్ద సినిమా వదిలి జనం రోడ్డు మీద పడతారు, ఆ గోలలో ఒక మాట వినబడక మళ్లీ చెప్పాల్సి వస్తుంది, రెండోసారి చెప్పేటప్పటికి ఆ మాట కాస్త మారిపోతుంది. నారాయణగూడ వైపు తిరుగుతారు. ఇంకో ఏడాది ఆగగలవా అని అతను అడుగుతాడు. అక్కడ ఆమె ఏమంటుందన్నది మీరే రాయాలి. ఈల పడే వాక్యం ఒకటి మీ చేతికి వెంటనే తగులుతుంది, ఆమె నోట బాగానే ఉంటుంది కూడా. దాన్ని పక్కన పెట్టి, ఆ కుర్రాడి ముఖం చూసి ఆమె ఏమనగలదో దాని కోసం ఇంకో పూట కూర్చోండి.

ఇట్లు,
గాంధీనగర్, హైదరాబాద్ నుంచి
ఒక ప్రేక్షకురాలు